మారయ్య గదిలో మూడు మిషన్లు

జడ్చర్ల దాటి రైలు గేటు అవతలికి పోతే పాత పల్లినూనె మిల్లు ఒకటి కనబడుతుంది. ఆ మిల్లు వెనక మూలగదిలోకి చీకటి పడ్డాక ఎవరూ అడుగు పెట్టరని చెప్పుకుంటారు. పగలు పోయినవాళ్లు కూడా తలుపుకు వీపు పెట్టి కూర్చోరట...

మిల్లు మూతబడి ఏళ్లయింది. ఇప్పుడది గొర్రెలకు వేసే టీకా మందు దాచే డిపో. ముందు కోల్డ్‌రూమ్, దానికి ఆనుకుని ఈ మూలగది. డిపో పెట్టిన నాటి నుంచీ మారయ్య అనే ముసలి గుమాస్తా ఆ గదిలో కూర్చుని, కోల్డ్‌రూమ్ ఎన్ని డిగ్రీలు ఉందో గంటగంటకూ చూసి కంప్యూటర్‌లో ఎక్కించేవాడు. ఒకనాడు ఆ కుర్చీలోనే తల వాల్చి పోయాడు.

అంతే, అది మారయ్య గది అయిపోయింది. రాత్రిపూట లోపల మీటలు నొక్కుతున్న చప్పుడు వస్తుందని ఒకడు. తెర తనంతట తానే వెలుగుతుందని ఇంకొకడు. నెల తిరగక ముందే చౌరస్తాలో చాయ్ తాగే ప్రతివాడికీ మారయ్య కనబడ్డాడు. బతికున్నప్పుడు ఆయన మొహం ఎట్లా ఉండేదో చెప్పమంటే మాత్రం ఒక్కడూ చెప్పలేడు.

నవనీతకు ఈ కథ చెప్పినప్పుడు ఆమె నవ్వలేదట. నవ్వాలన్నా అవతలివాళ్ల మీద కాస్తంత మర్యాద ఉండాలి కదా, ఆమెకు అదీ లేదు.

నవనీతది రామన్నపేట. హైదరాబాదులో ఒక కంపెనీలో ఉండి, ఇట్లాంటి డిపోల కంప్యూటర్లు చెడిపోతే బాగుచేసే పని. అందులోనూ ఆమె చేతికి వచ్చేవి వర్చువల్ మిషన్లు. ఒక ఇనుప డబ్బా ఉంటుంది. దాంట్లో మూడు మిషన్లు నడుస్తుంటాయి. డబ్బా విప్పి చూస్తే మాత్రం ఒక్కటీ కనబడదు. ఒకే ఒంట్లో మూడూ కాపురం ఉంటాయి, దేనికీ సొంత ఒళ్లు లేదు. పొద్దస్తమానం ఒళ్లులేని వాటితోనే బతికే మనిషికి దెయ్యాలంటే నమ్మకం లేకపోవడం విచిత్రమే... కానీ లేదు.

ఆ జూన్ ఇరవై ఎనిమిది సాయంత్రం డిపో మేనేజర్ గోపీకృష్ణ ఫోన్ చేశాడు.

"మేడం, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించినం. మూడు మిషన్లు లేస్తలేవు. లేసినట్టే లేసి పడిపోతున్నయి."

"ఏం చేసిండ్రు?"

"మేమేం చెయ్యలే మేడం."

పదేళ్లుగా ఆమె ఈ మాట వింటూనే ఉంది. ఏం చెయ్యలే అన్నవాడే అన్నీ చేసి ఉంటాడని ఆమె లెక్క, ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు. ఫోన్లో నాలుగు మాటలు అడిగి చూసింది. అవతల నుంచి జవాబు ఏమో గానీ, మెల్లగా ఒక గుసగుస వినబడింది. "మారయ్యనే, సార్... మారయ్య లేవనిస్తలేడు."

ఆమె ఫోన్ పెట్టేసి బస్సెక్కింది.

డిపో గేటు దగ్గర దిగేసరికి రాత్రి ఎనిమిదిన్నర. గేటు కాడ మల్లప్ప టార్చిలైటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. డిపోకు రాత్రి కావలి ఆయనే. కురుమ మనిషి, ఊళ్లో నలభై గొర్లున్నాయి, పెండ్లాం గుర్వమ్మ చూసుకుంటుంది.

"జల్ది రా బిడ్డా. ఆరున్నర దాటింది లోపల."

ఆరున్నర అంటే గంటలు కాదు, డిగ్రీలు. కోల్డ్‌రూమ్ తలుపు మీద గుండ్రని డయల్‌లో ముల్లు ఒకటి ఉంటుంది. రెండుకూ ఎనిమిదికీ నడుమ ఉన్నంతసేపు టీకా మందుకు ప్రాణం. ఎనిమిది దాటి కాసేపు నిలిస్తే సీసాలు సీసాలుగానే ఉంటాయి, మందు మాత్రం ఉట్టి నీళ్లు. లోపల నలభై వేల గొర్రెలకు సరిపడా మందు ఉంది. పొద్దున ఏడు గంటలకు పశువుల డాక్టరమ్మ ఉమారాణి వచ్చి దాన్ని చుట్టుపక్కల ఊళ్ల టీకా క్యాంపుకు తీసుకుపోవాలి. ఊళ్లల్లో గొర్రెలకు విరేచనాలు పట్టి చంపే పారుడు రోగం మొదలైంది. మల్లప్ప మందలో నిన్ననే రెండు గొర్రెపిల్లలు పడిపోయాయి.

"చేత్తో వేసే స్విచ్ ఉంటది గద, అది వేసి కంప్రెషర్లు నడపకపోతిరి?" అన్నది నవనీత నడుస్తూనే.

లోపలి నుంచి ఎదురొచ్చిన మేనేజర్ గోపీకృష్ణ తలకాయ గోక్కున్నాడు. పోయిన ఏడాది ఆ స్విచ్చును ఆయనే పీకించాడట. ఇక అంతా కంప్యూటరే చూసుకుంటుందని, పీకిన స్విచ్చును చేతిలో పట్టుకుని ఫొటో దిగి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాడట. బోర్డు తాళంచెవి ఉన్న కరెంటాయన అచ్చంపేటలో పెండ్లికి పోయి, ఫోన్ ఎత్తడం లేదు.

కూసున్న కొమ్మను నరుక్కున్నవాడిని చూసింది గానీ, నరికి ఫొటో దిగినవాడిని ఆమె ఇప్పుడే చూస్తోంది.

మూలగది తలుపు దగ్గరికి వచ్చాక ఆమె వెంట ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెనకబడ్డారు. గోపీకృష్ణకు అర్జెంటు ఫోన్ వచ్చింది... ఫోన్ మోగనేలేదు. కంప్యూటర్ ఆపరేటర్ పరమేష్ గడప అవతలే ఆగిపోయాడు. మెడలో మూడు తాయెత్తులు, చేతిలో డిగ్రీ. మల్లప్ప ఒక్కడే టార్చి పట్టుకుని గడప మీద నిలబడ్డాడు.

గదిలో ఇనుప డబ్బా, బల్ల మీద తెర, ఒక కుర్చీ. నవనీత ఆ కుర్చీలోనే కూర్చుంది.

"అండ్ల కూసోకు బిడ్డా..."

"నిలబడి పనిచేస్తె కాళ్లు గుంజుతయి కాకా."

మీట నొక్కింది.

డబ్బాలో పంకాలు గుయ్యిమన్నాయి. తెర నల్లగా ఉంది... బూడిద రంగుకు తిరిగింది... ఒక్కసారి మెరిసింది —

ఎడమ మూల ఒక పేరు. మారయ్య.

టక్కున తెర ఆరిపోయింది.

బయట పరమేష్ ఎవరో దేవుణ్ణి తలుచుకున్నాడు. నవనీత రెండో మిషన్ మీట నొక్కింది. గేటు కెమెరాలు చూసేది అది. లేచింది, పడింది. మూడోది సరుకు లెక్కలది. లేచింది... పడింది. మళ్లీ మొదటిదానికే వచ్చింది, కంప్రెషర్లను నడిపేది అదే కాబట్టి.

బూడిద రంగు... మెరుపు... మారయ్య.

టక్.

గది చల్లగా ఏమీ లేదు. కంప్రెషర్లు ఆగి రెండు గంటలు దాటింది, గోడలు ఉక్కపోస్తున్నాయి. అయినా ఆమె మోచేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. అది చూసుకుని ఆమెకు తన మీద తనకే ఏవగింపు పుట్టింది. తాయెత్తుల పరమేష్‌కూ తనకూ ఇంకేం తేడా అనుకుంది.

"ఏడు దాటింది బిడ్డా," అన్నాడు మల్లప్ప ముల్లు చూసి వచ్చి.

అరక్షణంలో మాయమయ్యేదాన్ని కంటితో పట్టుకోలేం. అందుకని నవనీత ఫోన్ తీసి, మెల్లగా నడిచే వీడియో పెట్టి, తెర ఎదుట ఆనించింది. మళ్లీ మీట నొక్కింది. మెరిసి ఆరిపోయాక ఆ వీడియోను ముందుకూ వెనక్కూ జరిపింది. తెర అడుగున ఎర్రటి వరుస ఒకటి ఉంది. పాత జ్ఞాపకాన్ని తిరిగి ఎక్కించుకోలేకపోతున్నానని మిషన్ పెట్టిన మొర అది.

ఆమె ఆ వరుసను రెండుసార్లు చదివింది. ఒక పెద్ద ఊపిరి వదిలి, గడప వైపు తిరిగింది.

"పరమేష్, ఇటు రా."

"ఈడికెల్లే ఇనబడుతది మేడం."

"సాఫ్ట్‌వేర్ ఎక్కించే ముందుగాల మిషన్లను బంద్ చేసినవా... పండబెట్టినవా?"

పరమేష్ మెడలో తాయెత్తులు సవరించుకున్నాడు.

మిషన్‌ను ఆపడానికి రెండు దారులున్నాయి. ఒకటి పూర్తిగా బంద్ చేయడం. ఇంకోటి పండబెట్టడం. పండబెడితే, ఆ క్షణాన దాని తలలో ఏముందో, తెర మీద ఏం తెరిచి ఉందో, అంతా మూటగట్టి పక్కన పెట్టుకుంటుంది. లేపగానే ఆ మూట విప్పుకుని, ఆగిన కాడి నుంచే మొదలుపెడుతుంది. కింద సాఫ్ట్‌వేర్ మారిపోయిందంటే పాత మూట కొత్తదానికి పట్టదు. విప్పబోతుంది, కూలిపోతుంది. తప్పక బంద్ చేయండి అని, సాఫ్ట్‌వేర్‌తో పాటు నవనీత పంపిన కాగితంలో మొదటి వరుసే ఉంది.

"పండబెట్టిన మేడం," అన్నాడు పరమేష్ గుసగుసగా.

"కాగితం సదువలేదా?"

"సదివిన మేడం. కాని... అది మారయ్య పేరు మీద తెరిచి ఉండె. ఆయన పోయిన కాంచి గట్లనే ఉన్నది. ఎవ్వరం మూయలే, ఆ తెర దిక్కు సుత చూడలే. మూసినోని చెయ్యి పడిపోతదన్నరు."

"ఎవరన్నరు?"

"...చాయ్ హోటల్ల."

"ఒక్కటి మారయ్యది. తక్కిన రెండింటిని ఎందుకు పండబెట్టినవు?"

"దాన్నొక్కదాన్నే పండబెడితె... ఆయనకు అనుమానం వస్తది గద మేడం."

ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం ఒకడు, దూడకు దిష్టి తీసే రకం ఇంకొకడు. చచ్చినవాడి కంప్యూటర్ మూయడానికి చేతులు రాక, నలభై వేల గొర్రెల ప్రాణం మీదికి తెచ్చారు!

"నీ చెయ్యి గాదు పరమేష్, నీకు పరీక్షల మార్కులేసినోని చెయ్యి పడిపోవాలె."

ఇక పని తేలిక. మూడు మూటలనూ తుడిచేస్తే, మిషన్లు పాత సంగతి మరిచిపోయి కొత్తగా లేస్తాయి. దాచిన లెక్కలు పోవు. దాచకుండా తెర మీద తెరిచి ఉన్నవి మాత్రం పోతాయి. ఆమె ఆదేశం కొట్టింది. నిజంగానే తుడవాలా అని మిషన్ ఒకసారి అడిగింది.

"బిడ్డా... ఆ మూట తుడిస్తె మారయ్య ఇగ ఉండడా?" అన్నాడు మల్లప్ప.

"ఉండడు కాకా. ఉన్నదే ఆ మూటల."

తుడిచేసింది. మీట నొక్కింది.

నలుపు... బూడిద... మెరుపు. ఈసారి తెర ఆరలేదు. ఎడమ మూల ఏ పేరూ లేదు. ఒకటి తర్వాత ఒకటి మూడు మిషన్లూ లేచాయి. గోడ అవతల కంప్రెషర్ దగ్గి, దగ్గి, అందుకుంది. మల్లప్ప ముల్లు దగ్గరికి ఉరికాడు.

"ఏడు మీద ఎనిమిది గీతలు... ఆగింది బిడ్డా. ఆగింది... దిగుతాంది!"

ఆ ముసలాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నవనీత తెర మీద మూడు మిషన్లనూ ఇంకోసారి సరిచూసుకుంది.

కంప్రెషర్ చప్పుడు వినగానే గోపీకృష్ణ ఫోన్ అయిపోయింది. రొమ్ము విరుచుకుని గదిలోకి వచ్చాడు. "నేను ముందుగాలనే చెప్పిన, చిన్న ప్రాబ్లమే అని." ఫొటో దిగుదామని ముల్లు పక్కన నిలబడ్డాడు కూడా. దొంగలు పడ్డ ఆర్నెల్లకు మొరిగే కుక్కకైనా కాస్త సిగ్గుంటుందేమో, ఈయనకు అదీ లేదనుకుంది నవనీత.

మల్లప్ప ఫ్లాస్కులోని చాయ్ పోసి ఇచ్చాడు. దెయ్యం పోయింది కాబట్టి పరమేష్ కూడా లోపలికి వచ్చి కూర్చున్నాడు. కంపెనీకి రిపోర్టు పంపాలని నవనీత మళ్లీ ఫోన్‌లో ఆ వీడియో తెరిచింది. ఎర్ర వరుస ఉన్న బొమ్మ ఒకటి తీసుకుంటే చాలు. వేలితో మెల్లగా జరుపుతూ పోయింది...

ఎర్ర వరుసకు పైన, మారయ్య పేరు కింద, తెల్లటి నోటు ఒకటి తెరిచి ఉంది. ముసలి కళ్ల కోసం పెట్టుకున్న పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు. ఆమె ఆ బొమ్మను ఆపి, సాగదీసి చూసింది.

*9వ తారీఖు రాత్రి 9 – కరెంటు పోయింది.*
*10 – ఐదు డిగ్రీలు.*
*11 – ఏడు.*
*1 – పది. ఎవరు రాలేదు.*
*3 – పద్నాలుగు. ఎవరు రాలేదు.*
*10వ తారీఖు పొద్దున 6 – పందొమ్మిది.*
*మందు సచ్చింది. గొర్లకు వెయ్యకుండ్రి.*

చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"కోల్డ్‌రూమ్‌ల మందు ఎప్పుడొచ్చింది పరమేష్?"

"ఒకటో తారీఖు మేడం. ఇగ రేపే తీసుడు."

ఆమె నోటును పైకి చదివింది. చదవడం అయ్యేసరికి పరమేష్ లేచి గడప దాటాడు. మల్లప్ప మాత్రం కదలకుండా ఆమె మొహాన్నే చూస్తున్నాడు.

"ఏ తారీఖన్నవు బిడ్డా?"

"తొమ్మిది రాత్రి. పది పొద్దుగాల."

"మారయ్య పోయింది ఈ నెల ఎనిమిది నాడు మాపటికి." ఆయన గొంతు సన్నబడింది. "తొమ్మిది నాడు పగటిపూటనె మట్టి చేసినం. నేనే పాడె మోసిన..."

గోడ అవతల కంప్రెషర్ నడుస్తూనే ఉంది.

మొదట తేరుకున్నది గోపీకృష్ణ. పెద్దగా నవ్వాడు. "ఇగ దెయ్యం నోటు కూడ రాస్తదా? ఎవడో ఆట పట్టిచ్చిండు మేడం."

"ఎవడు సార్? ఆ రాత్రి ఈ గదిలకు ఎవరొచ్చిండ్రు?"

"ఎవ్వరు రాలే! మనిషి సచ్చిన జాగ, మైల గదా. మూడు దినాలు తాళమేసి చెవి నా జేబులనే పెట్టుకున్న. పదకొండు నాడు అయ్యగారిని పిలిచి, శుద్ధి చేయించినంకనే తీసిన. ఈగ సుత పోలే లోపలికి."

"ఆ రాత్రి కరెంటు పోయిందా కాకా?"

"గాలిదుమారం బిడ్డా. పాడె మోసినోన్ని, ఆ రాత్రి ఇంటికాడనె ఉంటి... తెల్లారెదాక కరెంటు లేదు."

"కరెంటు పోతె జనరేటర్ ఎవరు పెడుతరు?"

"మారయ్యనే పెడుతుండె," అన్నాడు పరమేష్ గడప బయటి నుంచి. "మీట ఈ గదిలనే ఉన్నది. కంప్యూటర్‌కయితె బ్యాటరీ ఉన్నది మేడం, తెల్లారెదాక గుంజుతది. కంప్రెషర్లకు జనరేటరే దిక్కు."

నవనీత గోపీకృష్ణ వైపు తిరిగింది.

"తాళం మీ జేబుల ఉండె. ఈగ సుత పోలే. మరి ఆ రాత్రి జనరేటర్ ఎవరు పెట్టిండ్రు సార్?"

గోపీకృష్ణ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. చివరికి, "రికార్డుల నాలుగు డిగ్రీలే ఉన్నది," అన్నాడు. నాలుగని ఎవరు రాశారో ఆమె అడగలేదు. ఆయన చెమటే చెబుతోంది.

మల్లప్ప గడప మీద కూలబడ్డాడు. "అయితే గీ మందు... పనికి రాదా బిడ్డా? రేపు వేయించుకుందామని గుర్వమ్మ మందను దొడ్లనే ఆపింది..."

"రాదు కాకా."

ఆమెకు అందరి మీదా అసహ్యం పొంగుకొచ్చింది. మైల పేరు చెప్పి మూడు దినాలు తాళం వేసినవాడి మీద, చేతికి భయపడి మిషన్‌ను పండబెట్టినవాడి మీద. అన్నింటికంటే ఎక్కువ తన మీద. చచ్చిన మందును చల్లగా ఉంచడానికి హైదరాబాదు నుంచి ఉరికొచ్చి, నిజం రాసిన ఒకే ఒక్క నోటును తన చేత్తోనే తుడిచేసి, పైగా విర్రవీగింది.

"పొద్దుగాల క్యాంపు ఆగది మేడం," గోపీకృష్ణ గొంతు తగ్గించి దగ్గరికి జరిగాడు. "సచ్చినోడు రాసిండని చెప్పి నలభై వేల డోసులు పారబోస్తమా? ఎవరు నమ్ముతరు? మీరు సదువుకున్నోళ్లు... మీరు నమ్ముతరా?"

అరగంట కింద ఎవరైనా ఇదే అడిగితే ఆమె ఏమనేదో ఆ గదిలో అందరికీ తెలుసు.

ఆమె డాక్టరమ్మ ఉమారాణికి ఫోన్ కలిపింది. ఆరోసారి మోగాక అవతల నిద్రమత్తు గొంతు పలికింది.

"మేడం, రేపటి క్యాంపు ఆపుండ్రి. మందు వేడికి చెడిపోయింది. ఈ నెల తొమ్మిది రాత్రి పందొమ్మిది డిగ్రీల దాక పోయింది."

"రికార్డులు నాలుగే చూపిస్తున్నయి గదమ్మా. క్యాంపు ఆపాల్నంటె నేను పై ఆఫీసర్లకు రాసియ్యాలె. ఆ రాత్రి కండ్లార చూసినోళ్లు ఎవరన్న ఉన్నరా?"

గోపీకృష్ణ ఆమె మొహం వంక చూశాడు. పరమేష్ చూశాడు. మల్లప్ప తల ఎత్తి చూశాడు.

"ఉన్నడు మేడం," అన్నది నవనీత. "పేరు మారయ్య. రాసుకోండ్రి."